నూట పద్నాలుగు

ట్రాపనీ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు.
ఆగస్టు రెండో వారం.
ఏసీ కింద బకెట్ పెట్టుకుని పని చేస్తున్నాం.
ఆఫ్రికా నుంచి సముద్రం దాటొచ్చిన సిరోక్కో గాలి
నాలుగు రోజులుగా ఊరి మీద
వేడి తడిగుడ్డ పరిచి తీయడం మరిచిపోయింది.

పదకొండో మంచం: బాల్దస్సారే స్కాదూతో, ఎనభై ఒకటి.
వంటింట్లో పడిపోయాడు.
తీసుకొచ్చిన పక్కింటి ఇన్యాత్సియా చెప్పింది:
"రెండు రోజులుగా టీవీ రిమోటుతో తలుపు తీయాలని చూస్తున్నాడు."
కాసేపాగి, నేరం ఒప్పుకుంటున్నట్టు:
"నీళ్ళు తాగాలన్నారుగా అందరూ.
నేనే తాగించాను. రోజుకి నాలుగు సీసాలు. పెద్దవి."

వడదెబ్బేమో అనుకున్నాం.
ఒళ్ళు కాలడం లేదు. నాలుక తడిగానే ఉంది.
ఇది ఏ సంవత్సరమని అడిగితే
"గాలిమర ఆగింది, తాళ్ళు చూడు" అన్నాడు.
ఇంతలో ఫోను మోగింది.
కాగితం రాకముందే ల్యాబు మాకు ఉప్పందించింది:
సోడియం నూట పద్నాలుగు.

ఉండాల్సింది నూట ముప్పై అయిదు.
నడుమ ఇరవై ఒక్క మెట్లు.
దిగేటప్పుడు ఏదో ఒక మెట్టు మీద
మనిషి తన పేరు పెట్టి మరిచిపోతాడు.

ఫారంలో వృత్తి అన్న గడి ఖాళీగా ఉంది.
అడిగాను.
ఇన్యాత్సియా నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.
"ఉప్పు మడుల్లో. పద్నాలుగో ఏట నుంచి."

నలభై ఆరేళ్ళు
ఎండ చేత చాకిరీ చేయించుకున్న మనిషి!
సముద్రాన్ని మడి నుంచి మడికి మళ్ళించి
నీరు పైకి పోయేదాకా
ఉప్పు కింద మిగిలేదాకా కాపు కాసి
కుప్పలు పోసి
తొలివానకి కరక్కుండా ఎర్ర పెంకులు కప్పినవాడు.
ఇప్పుడదే ఎండ
అతని ఒంట్లో ఆ పనినే తిరగేసి చేసింది.
నీరు మిగిలింది. ఉప్పు పోయింది.
చెమటతో కొంత.
బీపీకని పొద్దున్నే మింగే చిన్న తెల్లబిళ్ళ
ఉచ్చలో పోయించింది ఇంకొంత.
పోయినదాన్ని పూడ్చడానికి పళ్ళెంలో ఏముంది?
డాక్టరు చెప్పాడని చప్పగా ఉడికించిన సొరకాయ.

ఈ వారం ఇతను ఆరోవాడు.
ఎండ ముదిరినప్పుడల్లా వస్తారు ఇలాగే.
అందరూ ముసలివాళ్ళు.
అందరూ చెప్పిన మాట విన్నవాళ్ళు.

రాత్రి ఒంటిగంటకి మూర్ఛ.
మంచం ఊచలు గలగలలాడాయి.
చిక్కటి ఉప్పునీరు, నూట యాభై మిల్లీలీటర్లు, ఇరవై నిమిషాల్లో.
ఒళ్ళు నెమ్మదించింది.
"ఇంకో సీసా పెట్టనా? తక్కువైంది ఉప్పేగా?"
కొత్తగా చేరిన కుర్రాడు, చేతిలో సిద్ధంగా సూది.
డాక్టర్ ఫియమ్మెట్టా తల అడ్డంగా ఊపింది.
"రేపు ఈపాటికి ఎనిమిది మెట్లు. అంతే.
లేమికి అలవాటు పడ్డ మెదడు
కలిమి ఒక్కసారిగా వచ్చి పడితే చిట్లిపోతుంది."

ఆ తర్వాత ఎవరం పెద్దగా మాట్లాడలేదు.
రెండు గంటలకోసారి రక్తం తీశాను.
నూట పదిహేడు.
నూట పంతొమ్మిది.
ఆ చేతులకి నరం దొరకదు;
అరచేతుల్లో పాత పగుళ్ళు, ఏ సబ్బుకీ పోని తెలుపు.
తీసిన ప్రతిసారీ నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

నూట ఇరవై దగ్గర తెల్లవారింది.
కిటికీ అవతల గాలి దిశ మారినట్టుంది, పరదా లోపలికి ఊగింది.
బాల్దస్సారే కళ్ళు తెరిచి
దుప్పటి మీద అరచెయ్యి మెల్లగా జరిపాడు,
తన వైపు, మళ్ళీ తన వైపు,
పార లాగుతున్నట్టు.
కుర్రాడు డ్రిప్పు సరిచేయబోతే మణికట్టు పట్టుకున్నాడు.
"ఆగు. పొర పల్చగా ఉంది.
ఇప్పుడే లాగావంటే
బురద లేస్తుంది."

కుర్రాడు నా వైపు చూశాడు.
పేరు అడిగాను. చెప్పాడు. తండ్రి పేరు కూడా కలిపి.
"దాహంగా ఉందా?" అంటే
ఆలోచించాడు, చాలాసేపు,
అడగకూడని ప్రశ్న అడిగినట్టు.

అప్పుడే వచ్చిన ఇన్యాత్సియా
అలవాటుగా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి
నన్ను చూసి
మళ్ళీ లోపల పెట్టేసింది.